పాత ఇంట్లో హోటల్ పెట్టేముందు పొయ్యి ఎక్కడో తేల్చుకోండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. తాతల నాటి లోగిలి, పాత మేడ, ఊళ్లో మిగిలిన బంగళా, వీటిని హోటల్‌గా మార్చవచ్చా అని. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను. ఉత్తరాలు పెద్దవి కాబట్టి కుదించాను, ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి (మధ్యలో పైకి తెరిచిన వాకిలి, అంటే మండువా, దాని చుట్టూ గదులు ఉండే ఇల్లు) ఉంది, 90 ఏళ్లు దాటింది. అన్నదమ్ములం ముగ్గురం మూడు ఊళ్లలో స్థిరపడ్డాం, ఇల్లు తాళం వేసి ఉంటోంది. మా చెల్లెలు అక్కడ టిఫిన్లు, భోజనాల హోటల్ పెడదామంటోంది. మేస్త్రీని పిలిస్తే గోడల సున్నం గీకేసి సిమెంటు పూత పూసి, కింద టైల్స్ వేసి, మండువా మీద షీటు కప్పి ఏసీలు పెట్టమన్నాడు. వంటకి పాత వంటిల్లే సరిపోతుందట. మీరేమంటారు?

జవాబు: మీ చెల్లెలి ఆలోచన చాలా మంచిదండి. తాళం వేసిన ఇల్లు వాడుతున్న ఇంటికంటే త్వరగా పాడవుతుంది. ఒక పెంకు జారితే చూసేవాళ్లుండరు, ఆ సందులోంచి రెండు వానాకాలాలు నీళ్లు దిగితే దూలం పుచ్చిపోతుంది. కాబట్టి మనుషులు మసిలేలా చేయడం మంచిదే. కానీ మేస్త్రీ చెప్పిన పనుల్లో ఒక్కటి కూడా అతను చెప్పినట్టు చేయకండి.

అన్నిటికంటే ముందు వంటిల్లు సంగతి. మీ తాతగారి రోజుల్లో ఆ వంటింట్లో ఎంతమందికి వండి ఉంటారు? పండగొస్తే ముప్ఫై మందికి. పొగ పెంకుల సందుల్లోంచి పైకి పోయేది, వంట అయ్యాక పొయ్యి ఆరేది. హోటల్ వంటిల్లు అలా కాదు, తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర ఎక్కిస్తే రాత్రి పదింటిదాకా ఏదో ఒక బర్నర్ వెలుగుతూనే ఉంటుంది, బాణలిలో నూనె కాగుతూనే ఉంటుంది. ఆ నూనె ఆవిరి పైకెళ్లి వాసాలకీ దూలాలకీ పట్టుకుని, దాని మీద దుమ్ము చేరి, నల్లటి జిడ్డు పొరగా తయారవుతుంది. పొగగొట్టం లోపల కూడా అంతే. ఎండిన పాత చెక్క, దానికి పట్టిన నూనె జిడ్డు, కింద మంట. ఇంతకంటే ప్రమాదకరమైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. మందపాటి టేకు దూలం నిప్పుకి అంత త్వరగా లొంగదు, పైన బొగ్గు పొర కట్టి లోపలి చెక్కని కొంతసేపు కాపాడుకుంటుంది. సన్నటి వాసాలకీ, అటక చెక్కలకీ ఆ బలం లేదు.

నిప్పు ఒక భయమైతే నీళ్లు ఇంకో భయం. హోటల్ వంటింట్లో నేల రోజంతా తడిగానే ఉంటుంది. సున్నంతో కట్టిన గోడ అడుగున రోజూ నీళ్లు నిలిస్తే ఆ గోడ కొన్నేళ్లలో కింద నుంచి గుల్లబారుతుంది.

అందుకని వంటిల్లు పెరట్లోకి మార్చండి. ఇటుకతోనో ఇనుప చట్రంతోనో విడిగా ఒక షెడ్డు, లోగిలి గోడకి అంటకుండా, మధ్యలో ఒకరు పాత్ర మోసుకుంటూ ఇంకొకర్ని దాటుకుని వెళ్లేంత జాగా వదిలి కట్టండి. వానలో వడ్డనకి ఇబ్బంది లేకుండా పైన రేకుల నడవ వేసుకోవచ్చు, ఆ నడవ కూడా ఇంటి గోడలోకి బోల్టులు దిగ్గొట్టకుండా సొంత స్తంభాల మీద నిలబడాలి. పొగగొట్టం ఆ షెడ్డు మీద నుంచే పైకి పోవాలి, లోగిలి కప్పు గుండా ఎక్కడా పోకూడదు. పొయ్యి మీది ఫిల్టర్లు వారం వారం తీసి వేడినీళ్లలో కడిగించాలి, గొట్టం కూడా అప్పుడప్పుడు విప్పించి గీకించాలి. గ్యాస్ బండలు బయట గాలాడే చోట జాలీ గదిలో ఉండాలి. ఇంటికిచ్చే 14.2 కిలోల బండలు హోటల్‌కి వాడటం చట్టరీత్యా తప్పు, 19 కిలోల కమర్షియల్ బండలే తీసుకోవాలి. మొత్తం నిల్వ 100 కిలోలు దాటితే దానికి విడిగా లైసెన్సు కావాలి, అంటే అయిదు బండలదాకా ఫరవాలేదు, ఆరోది వస్తే లెక్క మారుతుంది.

పాత వంటింటిని ఖాళీగా పెట్టక్కర్లేదు. వడ్డనకి ముందు గిన్నెలు సర్దుకునే గదిగా, కాఫీ కలిపే చోటుగా వాడుకోండి. బాత్రూములు కూడా పెరట్లోనే కట్టండి, పాత గదుల్లోకి నీళ్ల గొట్టాలు తేవద్దు. మన పెద్దవాళ్లు దొడ్డి వైపే ఎందుకు కట్టారో అందరికీ తెలిసిందే. వంటింటి మురుగు సెప్టిక్ ట్యాంకులోకి నేరుగా వదలకుండా మధ్యలో నూనె తేరుకునే చిన్న తొట్టి కట్టించండి, లేకపోతే ఆర్నెల్లకే కాలవ పూడుకుపోయి వాసన మొదలవుతుంది.

మెనూ కూడా ఇక్కడే తేలుతుంది. ఇడ్లీ, పెసరట్టు, పప్పు, పులుసు, వేపుళ్లు అంటే ఒక స్థాయి వంటిల్లు చాలు. తందూరీ, చైనీస్ కూడా పెడతామంటే మంట పెరుగుతుంది, పొగగొట్టం పెద్దదవుతుంది, కరెంటు లోడు పెరుగుతుంది, చివరికి పెరడంతా వంటిల్లే అవుతుంది. పాలకొల్లు దాకా వచ్చి లోగిలిలో కూర్చునేవాళ్లు నూడుల్స్ కోసం రారని నా నమ్మకం.

ఇక గోడలు. తాళంచెవితో ఇటుకల మధ్య అతుకుని గీకి చూడండి. సులువుగా తెల్లటి పొడి రాలితే అది సున్నం. ఆ కాలంలో గానుగలో సున్నం, ఇసుక కలిపి తొక్కించి కట్టేవాళ్లు, కొన్నిచోట్ల బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ కూడా పోసేవాళ్లు. ఈ గోడలకి పునాది దగ్గర తడిని ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ కొంత పైకి పాకుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది. అలా పోతున్నంత కాలం గోడకి ఏ బాధా లేదు. దాని మీద సిమెంటు పూశారనుకోండి, చెమ్మకి దారి మూసుకుపోతుంది, అది గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకని పొడిపొడి చేస్తుంది. డెల్టాలో నేల చెమ్మ, సముద్రం దగ్గరి ఉప్పుగాలి రెండూ ఉంటాయి కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. రెండు మూడేళ్లు గోడ నున్నగా కనిపించి, తర్వాత సిమెంటు పెచ్చులు ఇటుకతో సహా ఊడిపడతాయి. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు కూడా అదే పని చేస్తాయి. ఊడిన చోట మళ్లీ సున్నపు పూతే వేయించండి, పైన సున్నమే కొట్టించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, ఒక్కో పూత ఆరడానికి టైమ్ పడుతుంది, కూలి ఎక్కువవుతుంది, నిజమే. అయినా తప్పదు. నేల మీద పాత గచ్చో నల్లరాయో ఉంటే దాన్ని టైల్స్‌తో కప్పకండి, నేలని మూసేస్తే ఆ చెమ్మ గోడల వైపే పోతుంది.

మండువా మీద షీటు వేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. నాలుగు వైపుల నుంచి వానని లోపలికి దించి తూములోంచి బయటికి పంపడానికి, వేడిగాలిని పైకి వదలడానికి కదా మండువా ఉన్నది. షీటు కప్పితే ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇల్లు కొలిమే అవుతుంది, అప్పుడు ఏసీ పెట్టక తప్పదు, ఏసీ కోసం కిటికీలు మూయక తప్పదు, మూసిన గదుల్లో చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. మండువా తెరిచే ఉంచండి. ముందు తూము ఎక్కడికి పోతుందో వెతికి పూడిక తీయించండి, చాలా ఇళ్లలో ఊళ్లో రోడ్డు ఎత్తు పెంచాక తూము బయటి చివర మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. టేబుళ్లు చుట్టూ వసారాలో వేసుకోండి, వానాకాలంలో నాలుగు సీట్లు తగ్గితే తగ్గనివ్వండి. పుదుచ్చేరిలో ఒకప్పుడు విద్యాశాఖ ఆఫీసుగా ఉన్న భవనాన్ని ‘హోటల్ ద లోరియాం’ అనే హోటల్‌గా మార్చినప్పుడు మధ్య వాకిలిని తెరిచే ఉంచి అక్కడే భోజనాల బల్లలు వేశారు. జనం వెతుక్కుంటూ వెళ్లేది ఆ వాకిలి కోసమే.

కరెంటు మాత్రం మొత్తం మార్చాల్సిందే. చెక్క బద్దల మీద పోయే పాత వైరింగుని ఒక్క గదిలో కూడా నమ్మకండి. కొత్త తీగల కోసం గోడల్లో గాడి కొట్టించకండి, పైపైనే ఇనుప గొట్టాల్లో వేయించండి. కనిపిస్తుందని బాధపడక్కర్లేదు, ఇంటి వయసుకి అది అందంగానే ఉంటుంది.

ఇంకొకటి, ముగ్గురన్నదమ్ముల సంతకాలు లేకుండా ఒక్క రూపాయి కూడా పెట్టనివ్వకండి. మీ చెల్లెలికీ వాటా ఉందని మర్చిపోకండి. హోటల్ నడిచాక వచ్చే గొడవ నడవక ముందు వచ్చే గొడవకంటే పెద్దది.

ప్రశ్న: రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో మాకొక పాత మేడ ఉంది. కింద నాలుగు గదులు, పైన పెద్ద హాలు, పైకి చెక్క మెట్లు. పైన కూర్చుంటే గాలి బాగా వస్తుంది కాబట్టి ఆ హాల్లో 60 సీట్లు వేద్దామనుకుంటున్నాం. తట్టుకుంటుందా?

జవాబు: చూడకుండా తట్టుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి, నేనన్నా సరే. మన దేశంలో భవనాల మీద పడే బరువులకి ఐఎస్ 875 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇళ్ల గదుల్లో చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు, భోజనశాలలకి సుమారు 400 కిలోలు లెక్కవేయాలి. అంటే ఇల్లుగా బాగానే ఉన్న నేలనుంచి మీరు రెట్టింపు బలం అడుగుతున్నారు.

మీ వివరాలు చూస్తే అది మద్రాస్ టెర్రస్ అయి ఉంటుంది. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి సున్నంతో కూర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టిన కప్పు. ఇది మంచి కట్టడమే. దీనికి దెబ్బ తగిలేది దూలం మధ్యలో కాదు, గోడలోకి దిగిన చివర్లలో. అక్కడ చెమ్మ చేరుతుంది, చెద చేరుతుంది, బయటికేమో దూలం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ప్రతి దూలాన్నీ రెండు చివర్లా సుత్తితో తట్టి వినాలి, మొనదేలిన ఆరతో గుచ్చి చూడాలి. డొల్ల శబ్దం వచ్చినా, ఆర సులువుగా దిగినా అది పని అయిపోయిన చివర. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించి, అవసరమైతే నేల మీద నెమ్మదిగా బరువు పెంచుతూ ఎంత వంగుతుందో కొలిపించండి. ఆయన ఫీజు మీకు ఎక్కువనిపించవచ్చు, ఒక్క నెల ఇంటీరియర్ ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు.

దూలాలన్నీ బాగున్నాయనే అనుకుందాం. అప్పుడూ 60 మందిని పైన కూర్చోబెట్టమని నేను చెప్పను. ఒకే ఒక్క చెక్క మెట్ల దారి ఉంది, మంటలంటూ వస్తే ముందు పోయేది అదే. బయటి నుంచి రెండో మెట్లు, ఇంటికి అంటకుండా ఇనుముతో కట్టగలిగితే అప్పుడు ఆలోచించవచ్చు. లేదంటే జనాన్ని కింద కూర్చోబెట్టండి, పైన రెండు మూడు కుటుంబాలు నింపాదిగా తినేలా కొన్ని బల్లలు చాలు. కింద వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా ఉంటే మీకు పారిపోవడానికి రెండు దార్లు ఉన్నట్టే, కాకపోతే పెరటి గుమ్మానికి అడ్డంగా ఉల్లిపాయల బస్తాలు పెట్టకూడదు. ఈ మాట ప్రతి హోటల్లోనూ చెప్పాల్సి వస్తోంది.

మేడ మీద నీళ్ల ట్యాంకు మాత్రం వద్దు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. హోటల్‌కి రెండు మూడు వేల లీటర్లు కావాలి, అంత బరువు ఒక్కచోట ఆ పాత కప్పు మీద పెట్టడం ఏ లెక్కలోనూ కుదరదు. పెరట్లో ఇనుప స్టాండు వేయించుకోండి.

ప్రశ్న: వరంగల్ కోట లోపల మా అత్తగారి పాత ఇల్లుంది. తోరణాలు చూడ్డానికి వచ్చేవాళ్లకి చిన్న రెస్టారెంటు పెడదామని. పర్మిషన్ల సంగతి ఎవర్నడిగినా ఒక్కో మాట చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కేసు మిగతావాటిలా కాదు. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతితోనే ఏదైనా కట్టాలి. కొలత తోరణం దగ్గర నుంచి కాదు, శాఖవాళ్లు గుర్తించిన హద్దు నుంచి. ముందు మీ ఇల్లు ఎందులో పడుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి, నోటిమాట పనికిరాదు.

100 మీటర్ల లోపలే ఉంటే, 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే ఇంటిని బాగుచేసుకోవచ్చు గానీ పెరట్లో కొత్త వంటిల్లు కట్టలేరు. పాలకొల్లు వాళ్లకి నేనిచ్చిన సలహా మీకు పనికిరాదన్నమాట. అలాగని పాత ఇంట్లో పొయ్యిలు పెట్టమనను. వంట కోట బయట ఇంకోచోట చేయించి డబ్బాల్లో తెప్పించుకోండి, అక్కడ టీ, కాఫీ, వేడిచేసి వడ్డించడం వరకే పెట్టుకోండి. సకినాలు, గారెలు, మక్క గుడాలు లాంటివి పొద్దున చేసి తెచ్చినా సాయంత్రందాకా నిక్షేపంగా ఉంటాయి. ఎండన పడి తిరిగి వచ్చినవాళ్లకి కావాల్సింది నీడ, కుర్చీ, చల్లటి మజ్జిగ.

రాష్ట్ర స్థాయి రక్షణ జాబితాలు వేరే ఉన్నాయి. తెలంగాణకి 2017 వారసత్వ చట్టం, ఆంధ్రకి 1960 చట్టం. మీ కట్టడం వాటిలో ఉందేమో కూడా చూసుకోండి. ఇవి కాక ట్రేడ్ లైసెన్సు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, ఫైర్ అనుమతి, కరెంటు కేటగిరీ మార్పు, ఇవన్నీ ఏ హోటల్‌కైనా ఉండేవే.

ప్రశ్న: చరిత్ర ఉన్న భవనాలన్నీ డబ్బున్నవాళ్లు తినే చోట్లుగా మారిపోతున్నాయి. వాటిని మ్యూజియంలుగా ఉంచాలి గానీ బిర్యానీ అమ్ముకోవడమేమిటి? మీలాంటివాళ్లు దీన్ని ప్రోత్సహించడం బాధగా ఉంది.

జవాబు: మీ బాధలో న్యాయముంది. ఫలక్‌నుమాలో ఒక పూట భోజనం చేయడం మనలో చాలామందికి కుదిరే పని కాదు. ఆరో నిజాం ప్యాలెస్ అది, 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల ఉన్న భోజనశాల అది. అదే సమయంలో ఇంకో సంగతి కూడా చూడండి. ఆ ప్యాలెస్ దశాబ్దాల తరబడి మూతపడి ఉంది, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లు పట్టి, 2010లో హోటల్‌గా తెరుచుకుంది. అంత డబ్బు, అంత ఓపిక ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. దానికి ఎదురుగా పుదుచ్చేరి మేయర్ భవనాన్ని పెట్టండి. సముద్రం ఒడ్డున ఫ్రెంచివాళ్ల నాటి ‘మేరీ’ (ఫ్రెంచిలో టౌన్ హాలు) అది, మరమ్మతులు వాయిదా పడుతూ పడుతూ 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. తర్వాత అచ్చం అలాగే కొత్తది కట్టారు. పుదుచ్చేరిలో భాగమైన మన యానాం వాళ్లకి ఈ కథ తెలిసే ఉంటుంది. కొత్తది ఎంత బాగున్నా అది కొత్తదే.

ప్రతి పాత ఇంటినీ మ్యూజియం చేయడానికి ప్రభుత్వం దగ్గర డబ్బూ లేదు, అందులో పెట్టడానికి వస్తువులూ లేవు. నేను అడిగేది ఒక్కటే, రేపు హోటల్ మూతపడితే ఆ భవనం మళ్లీ తన పాత రూపంలో మనకి దక్కాలి. హోటళ్లు మూతపడతాయి, అందులో తప్పేం లేదు, చాలావాటికి ఆయుష్షు తక్కువ. గోడలు కూల్చకుండా, తలుపులు పీకకుండా, పెట్టినదంతా విప్పి పట్టుకెళ్లగలిగేలా పెట్టినంతకాలం నాకు అభ్యంతరం లేదు. అలా చేయనివాళ్లని నేను ఎప్పుడూ సమర్థించను.

అందరికీ అందే ధరలో ఉండాలన్న మీ మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లో ఆల్బర్ట్ హాలు ఉంది, 1942 నుంచి అది కాఫీ హౌస్. ఇప్పుడు నడిపేది పనివాళ్ల సహకార సంఘం. విద్యార్థులు ఒక్క కాఫీ చెప్పి గంటలు కూర్చుంటారు. సభలకని కట్టిన హాలు, ఇవాళ్టికీ జనం కూడి మాట్లాడుకునే హాలే. మన హైదరాబాద్ మోజంజాహీ మార్కెట్ కూడా అంతే, 1935 నాటి రాతి కట్టడం, కొన్నేళ్ల కిందట శుభ్రంగా బాగుచేశారు, ఎవరైనా వెళ్లి ఐస్‌క్రీమ్ తిని రావచ్చు. పాత భవనంలో తిండి అంటే నాకు ముందు ఇలాంటివే గుర్తొస్తాయి.

ప్రశ్న: మా టౌన్‌లో ఒక పాత బంగళా అద్దెకి తీసుకుని కేఫ్ పెట్టాలనుకుంటున్నాను. ఓనరు పెద్దాయన, నోటిమాట మీద ఇస్తానంటున్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు చాలా?

జవాబు: చాలదమ్మా. పాత కట్టడాన్ని బాగుచేయడానికే నెలలు పడుతుంది, నువ్వు కప్పు బాగుచేసి పెట్టాక ఖాళీ చేయమంటే ఏం చేస్తావు? కనీసం తొమ్మిదేళ్లో పదేళ్లో లీజు అడుగు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే, చేయకపోతే కోర్టులో నిలవదు. కప్పు, గోడలు, దూలాల మరమ్మతు ఎవరి ఖర్చో, నువ్వు పెట్టిన డబ్బుని అద్దెలో ఎలా తగ్గిస్తారో అందులో రాయించు. పెద్దాయన మాట మీద గౌరవం ఉండాల్సిందే, కానీ ఆయన తర్వాత వచ్చే వారసులతో నువ్వు మాట్లాడలేదు కదా.

సంతకం పెట్టేముందు ప్రతి తలుపు, ప్రతి కిటికీ, గుమ్మం మీది చెక్కడం, ఇత్తడి గొళ్లాలు, రంగు అద్దాలు, అన్నిటికీ ఫోటోలు తీసి జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. పాత తలుపులకి ఇప్పుడు మంచి రేటు ఉంది, పనివాళ్లు మారే సమయంలో మాయమవుతుంటాయి. ఆ జాబితా ఉంటే ఆయనకీ ధైర్యం, నీకూ ధైర్యం. బర్నర్లు పెట్టడానికి బంగళా వెనక జాగా ఉందో లేదో రాయలేదు నువ్వు. అది చూసుకుని, లేకపోతే ఆ బంగళా వదిలేసి ఇంకోటి వెతుక్కో.